ఎటూ తేల్చుకోలేని అయస్కాంతాలు: న్యూట్రాన్ చెప్పే బలాబలాలు

విజయవాడ పక్కనున్న కొండపల్లి కొండల్లో క్రోమైట్ దొరుకుతుంది. నల్లగా, చేతికి బరువుగా తగిలే రాయి. పూర్వం అక్కడ తవ్వకాలు కూడా సాగాయి. క్రోమియం తీసే ముడి ఖనిజంగానే చాలామందికి అది తెలుసు. కానీ అయస్కాంతత్వం చదివేవాళ్లను యాభై ఏళ్లుగా వదలని ఒక ప్రశ్న ఆ రాయిలోని పరమాణువుల అమరికలోనే ఉంది.

క్రోమైట్‌ది స్పినెల్ కుటుంబం. ఈ కుటుంబంలో క్రోమియం అయాన్లు చతుర్ముఖుల మూలల్లో ఉంటాయి. ఒక్కో చతుర్ముఖికి నాలుగేసి. ఏ ముఖం చూసినా అది త్రిభుజమే. ప్రతి క్రోమియం అయానూ ఒక చిన్న అయస్కాంతం, దాన్నే స్పిన్ అంటాం. పక్కదానికి సరిగ్గా ఎదురు దిక్కుకు తిరిగి ఉండాలన్నది ఇక్కడ దాని స్వభావం. రెండే ఉంటే చిక్కు లేదు: ఒకటి పైకి, ఒకటి కిందికి. త్రిభుజంలో మూడోది ఎటు తిరగాలి? పైకి తిరిగితే మొదటిదానితో పేచీ, కిందికి తిరిగితే రెండోదానితో పేచీ. అన్ని జతలనూ ఒకేసారి తృప్తిపరిచే అమరిక లేనే లేదు. దీన్నే ఫ్రస్ట్రేషన్ అంటున్నారు. 1950లో వానియర్ త్రిభుజాల జాలకం మీద లెక్కగట్టి, స్పిన్‌లు పైకో కిందికో మాత్రమే తిరగగలిగితే పరమ శూన్య ఉష్ణోగ్రత దగ్గర కూడా వ్యవస్థ ఒక్క అమరికకు కట్టుబడదని, లెక్కలేనన్ని సమాన శక్తి అమరికలు మిగిలే ఉంటాయని చూపించాడు. 1973లో ఆండర్సన్ మరో అడుగు వేశాడు. స్పిన్‌లు ఎప్పటికీ గడ్డకట్టకుండా క్వాంటమ్ కదలికలోనే ఉండిపోయే స్థితి ఉండొచ్చన్నాడు. దాన్నే ఇప్పుడు స్పిన్ ద్రవం అంటున్నాం.

కొండపల్లి రాయిలో మెగ్నీషియం, ఇనుము, అల్యూమినియం అన్నీ కలగలిసి ఉంటాయి కాబట్టి అది ఉన్నది ఉన్నట్టుగా ప్రయోగానికి పనికిరాదు. ప్రయోగశాలలో శుద్ధంగా చేసిన మెగ్నీషియం క్రోమైట్, జింక్ క్రోమైట్ తీసుకుంటారు. వీటిలో స్పిన్‌ల మధ్య ఉన్న బలాన్ని ఉష్ణోగ్రతగా మార్చి చెబితే సుమారు 400 కెల్విన్. మామూలు అయస్కాంతమైతే ఆ చుట్టుపక్కలే క్రమంలోకి వచ్చేయాలి. ఇవి మాత్రం 12.5 కెల్విన్ దాకా తేల్చుకోవు. ముప్పై రెట్లు చల్లబరిస్తే గానీ స్పిన్‌లు ఒక దారికి రావు. రామిరెజ్ 1994లో ఈ నిష్పత్తినే ఫ్రస్ట్రేషన్‌కు కొలతగా పెట్టాడు.

క్రోమైట్‌లో స్పిన్‌లు మూడు దిక్కులా పరచుకుని ఉన్నాయి. అల్ప పరిమాణ అయస్కాంతాల్లో చిక్కు ఇంకా పెరుగుతుంది. స్ఫటికం మూడు పరిమాణాలదే అయినా స్పిన్‌ల మధ్య బలం ఒక వరస వెంటో, ఒక పొరలోనో మాత్రమే గట్టిగా ఉండి, మిగతా దిక్కుల్లో నామమాత్రంగా ఉంటుంది. పక్కవాళ్ల సంఖ్య తగ్గితే క్రమాన్ని నిలబెట్టే దన్ను తగ్గుతుంది, క్వాంటమ్ ఊగిసలాట పైచేయి అవుతుంది. వరసలు, నిచ్చెనలు, త్రిభుజాల పొరలు, మేదరివాళ్లు వెదురు బుట్టకు అడుగు అల్లినప్పుడు వచ్చే షడ్భుజాలూ త్రిభుజాలూ కలిసిన కగోమె పొరలు, ఇలా ఎన్నో రకాలు. వీటికి సిద్ధాంతం వైపు నుంచి గట్టి పునాది వేసినవాళ్లలో మన దేశస్థులూ ఉన్నారు. పక్కవాడితోనూ, ఆ పక్కవాడితోనూ పోటీపడే వరసకు చంచల్ కుమార్ మజుందార్, దీపన్ ఘోష్ 1969లో కచ్చితమైన పరిష్కారం ఇచ్చారు. 1981లో శ్రీరామ్ శాస్త్రి, సదర్లాండ్ కేవలం గణితంగా ప్రతిపాదించిన జాలకం దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత స్ట్రాన్షియం కాపర్ బోరేట్ అనే పదార్థంలో దొరికింది.

ఈ పరిశోధన అంతటికీ ఇరుసు లాంటి ప్రశ్న ఒకటే అని నా నమ్మకం: ఏ రెండు స్పిన్‌ల మధ్య బలం ఎంత? కొత్త పదార్థం దొరకగానే దాని పరమాణు పటం గీసి, ఇది కగోమె, ఇది త్రిభుజ జాలకం అని పేరు పెట్టేస్తాం. పటం చూపేది పరమాణువులు ఎక్కడున్నాయన్నదే. వాటి మధ్య బలం ఆక్సిజన్ మీదుగానో క్లోరిన్ మీదుగానో ప్రయాణిస్తుంది, అక్కడి కోణం కొద్దిగా మారినా తారుమారవుతుంది. దగ్గరి జత మధ్య బలం దాదాపు సున్నా అయి, రెండింతల దూరంలోని జత మధ్య బలంగా ఉన్న ఉదాహరణలు కొల్లలు. అయస్కాంత గ్రహణశీలత కొలిస్తే అన్ని బలాల మొత్తం ఒక్క అంకెగా వస్తుంది. ఉష్ణధారణ కొలిస్తే ఆ మొత్తం ఏ ఉష్ణోగ్రత దగ్గర పని చేస్తోందో తెలుస్తుంది. రెండూ అవసరమే. కానీ ఆ మొత్తంలో ఏ దారి వాటా ఎంతో అవి చెప్పలేవు. చెప్పగలిగేది న్యూట్రాన్.

ఎందుకు న్యూట్రానే? దానికి విద్యుదావేశం లేదు, కాబట్టి ఎలక్ట్రాన్ మేఘాలు అడ్డుపడవు, స్ఫటికం లోతుల్లోకి దూసుకుపోతుంది. ఆవేశం లేకపోయినా సొంత అయస్కాంత భ్రామకం ఉంది, కాబట్టి లోపలి స్పిన్‌లను నేరుగా తాకుతుంది. రియాక్టర్‌లోంచి వచ్చి గది ఉష్ణోగ్రతకు నెమ్మదించిన న్యూట్రాన్ తరంగదైర్ఘ్యం 1.8 ఆంగ్‌స్ట్రామ్‌లు, అంటే పరమాణువుల మధ్య దూరమంత. దాని శక్తి 25 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు, స్పిన్ కదలికల శక్తి కూడా ఆ స్థాయిదే. అదే తరంగదైర్ఘ్యం ఉన్న ఎక్స్‌రే శక్తి కొన్ని వేల ఎలక్ట్రాన్ వోల్టులు. అంత పెద్ద మొత్తంలోంచి ఒక మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టు తేడాను ఏరి పట్టడం చాలా కష్టం. న్యూట్రాన్‌కు అది సహజంగా అబ్బిన పని. లోపలికి వెళ్లేటప్పటి వేగం, దిశ, బయటికి వచ్చేటప్పటి వేగం, దిశ కొలిస్తే చాలు. తేడా ఎంతో అంత శక్తిని, ద్రవ్యవేగాన్ని స్పిన్‌లకు ఇచ్చి వచ్చిందన్నమాట. 1949లో షల్, స్మార్ట్ ఈ పద్ధతితోనే మాంగనీస్ ఆక్సైడ్‌లో స్పిన్‌లు ఎదురెదురుగా నిలబడడాన్ని మొదటిసారి చూపించారు. శక్తి తేడాను కొలిచే మూడు ఇరుసుల పరికరం బ్రాక్‌హౌస్‌ది. షల్, బ్రాక్‌హౌస్ ఇద్దరికీ 1994లో నోబెల్ వచ్చింది.

మన దేశంలో ఈ విద్యకు పుట్టిల్లు ట్రాంబే. అక్కడ రియాక్టర్లు ఒక్కొక్కటే మొదలయ్యాయి: 1956 ఆగస్టులో అప్సర, 1960లో సైరస్, 1985లో ధ్రువ. బ్రాక్‌హౌస్ దగ్గర కెనడాలో పనిచేసి వచ్చిన పి.కె. అయ్యంగార్ ఇక్కడ న్యూట్రాన్ బృందాన్ని నిలబెట్టారు. ఆ బృందంలోని ఎన్.ఎస్. సత్యమూర్తి, ఆయన సహచరులు 1969లో జింక్, నికెల్ ఫెర్రైట్ల మీద ప్రచురించిన పని ఈ వ్యాసానికి సూటిగా సంబంధించినది. స్పినెల్‌లో రెండు రకాల స్థానాల మధ్య పోటీ పెరిగితే స్పిన్‌లు నిటారుగా నిలవలేక కోణంగా వాలతాయని యాఫెట్, కిట్టెల్ 1952లో ఊహించారు. జింక్ పాలు పెంచుతూ పోయి ఆ వాలుడు కోణాలను న్యూట్రాన్లతో కొలిచి చూపినవాళ్లు ట్రాంబే బృందం. ఫ్రస్ట్రేషన్ అన్న పేరు ఇంకా వాడుకలోకి రాని రోజులవి.

కృష్ణా జిల్లాకు చెందిన సూరి భగవంతం కూడా ఇక్కడ గుర్తు రావాలి. రామన్ శిష్యుడు, వాల్తేరులో ఆచార్యుడు, తర్వాత ఉస్మానియా ఉపకులపతి, బెంగళూరు ఐఐఎస్సీ డైరెక్టరు. స్ఫటికాల సౌష్ఠవం నుంచి వాటి గుణాలను రాబట్టడంలో ఆయనది అందెవేసిన చేయి. 1964లో పి.వి. పంతులుతో కలిసి అయస్కాంత సౌష్ఠవం మీద రాసిన పత్రం, 1966 నాటి పుస్తకం ఆ దారిలోవే. స్పిన్ దిశను కూడా లెక్కలోకి తీసుకుంటే స్ఫటిక వర్గాలు 32 నుంచి 122కు పెరుగుతాయి. అందులో మొత్తంగా అయస్కాంతంగా నిలవగలిగేవి 31 మాత్రమే. న్యూట్రాన్ వివర్తనంలో కనబడే మచ్చలను బట్టి స్పిన్‌లు ఎలా నిలబడ్డాయో తేల్చేటప్పుడు ఇవాళ్టికీ ముందుగా చేసేది ఈ వర్గాల ఏరివేతే.

ఇక బలాలను కొలిచే పని. ఇందులో అన్నిటికన్నా తెలివైన ఉపాయం 2002లో కోల్డియా బృందం సీజియం కాపర్ క్లోరైడ్ మీద చేసి చూపింది. ఫ్రస్ట్రేషన్ ఉన్నప్పుడు స్పిన్‌ల స్థితి క్వాంటమ్ ముడి, దాన్నుంచి బలాలను వెనక్కి లెక్కగట్టడం దాదాపు అసాధ్యం. అందుకని వాళ్లు బలమైన అయస్కాంత క్షేత్రం పెట్టారు. సుమారు 8.4 టెస్లా దాటితే స్పిన్‌లన్నీ మారు మాట్లాడకుండా క్షేత్రం వైపే తిరుగుతాయి. ఆ స్థితిలో న్యూట్రాన్ ఒక స్పిన్‌ను తిప్పితే ఆ తిప్పుడు అలగా ప్రయాణిస్తుంది. ఆ అల శక్తికీ ద్రవ్యవేగానికీ ఉన్న సంబంధం అక్కడ కచ్చితంగా తెలిసిన సూత్రం. గీత గీస్తే బలాలు వచ్చేస్తాయి: వరస వెంట 0.374 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు, వరసల మధ్య ఏటవాలు దారిలో 0.128, పొరల మధ్య 0.017. పటంలో త్రిభుజాల పొరగా కనిపించే ఈ పదార్థం నిజానికి వరసల వైపు బాగా మొగ్గిందని ఆ మూడు అంకెలూ తేల్చాయి. క్షేత్రం తీసేశాక కనిపించే వింత వర్ణపటాన్ని అర్థం చేసుకోవడానికి ఆ మొగ్గే తాళంచెవి అయింది.

అదే ఉపాయం మన పొలాల్లో తిరిగే ఒక వస్తువు మీద కూడా పని చేసింది. మైలుతుత్తం. దుగ్గిరాల వైపు పసుపు రైతుకు, పొన్నూరు వైపు తమలపాకు రైతుకు దీన్ని పరిచయం చేయక్కర్లేదు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం విడివిడిగా నానబెట్టి వంద లీటర్ల నీళ్లకు కలిపితే ఒక శాతం బోర్డో మిశ్రమం. ఆ నీలి స్ఫటికంలో రాగి అయాన్లకు రెండు రకాల చోట్లున్నాయి. ఒక రకంవి వరసలు కట్టి పక్కవాటితో ఎదురు తిరుగుతాయి, రెండో రకంవి ఎవరి జోలికీ పోవు. అంటే మైలుతుత్తం ఒక పరిమాణపు క్వాంటమ్ అయస్కాంతం. మురిగల్ బృందం 2013లో దీని మీద ప్రచురించిన ప్రయోగంలో ముందు 5 టెస్లా క్షేత్రంలో స్పిన్‌లన్నిటినీ ఒకవైపు తిప్పి, వరస వెంట బలం 0.252 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులని తేల్చారు. ఉష్ణోగ్రతగా చెబితే 2.9 కెల్విన్. తర్వాత క్షేత్రం తీసేసి, పరమ శూన్యానికి పదో వంతు డిగ్రీ దూరంలో మళ్లీ కొలిచారు. ఈసారి ఒక్క గీత కాదు, పరచుకున్న వెలుగు కనిపించింది. న్యూట్రాన్ తిప్పిన ఒక్క స్పిన్ రెండు సగాలుగా విడిపోయి ఎవరి దారిన అవి పోయాయి. ఆ సగాలకు స్పినాన్లని పేరు. 1931లో బేతె ఇచ్చిన పరిష్కారం నుంచి మొదలై సాగిన గణితం ప్రకారం ఆ వెలుగులో రెండు స్పినాన్ల వాటా దాదాపు 73 శాతం, మిగతాది దాదాపు అంతా నాలుగు స్పినాన్లది. ముందే బలం విలువ కచ్చితంగా చేతిలో ఉంది కాబట్టి ప్రయోగంలో వచ్చిన వెలుగును ఈ లెక్కతో నేరుగా పోల్చగలిగారు. సరిపోయింది. ఎరువుల కొట్టులో గోనె సంచుల్లో దొరికే పదార్థంలో ఇంత స్వచ్ఛమైన క్వాంటమ్ భౌతికశాస్త్రం ఉందని మన ఇంటర్ పిల్లలకు ఎవరూ చెప్పకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఆ ప్రయోగానికి కొట్టులోని మైలుతుత్తం నేరుగా పనికిరాదు. అందులోని నీటిలో హైడ్రోజన్ ఉంటుంది. హైడ్రోజన్ న్యూట్రాన్లను అన్ని వైపులకూ చెదరగొట్టి అసలు సంకేతాన్ని ముంచేస్తుంది. అందుకని భారజలంలో కరిగించి, అందులోంచే స్ఫటికం పెంచుతారు. అలా చేస్తే హైడ్రోజన్ స్థానంలో డ్యుటీరియం వస్తుంది, రొద ఎన్నో రెట్లు తగ్గుతుంది.

క్షేత్రం పెట్టే ఉపాయం అన్నిచోట్లా చెల్లదు. న్యూట్రాన్ పుంజం దారిలో అమర్చగలిగే అయస్కాంతాలు సాధారణంగా 15 టెస్లా దాకా వెళ్తాయి. కగోమె పొరలకు పేరుమోసిన హెర్బర్ట్‌స్మిథైట్‌లో బలం 200 కెల్విన్ స్థాయిలో ఉంటుంది, దాని స్పిన్‌లను లొంగదీయాలంటే వందల టెస్లాలు కావాలి. అలాంటివాటికి మరో దారి ఉంది. క్రమం రాకముందు, స్పిన్‌లు ఇంకా తేల్చుకోలేని ఉష్ణోగ్రతలో, మసకగా పరచుకున్న న్యూట్రాన్ సంకేతం మొత్తాన్ని కొలిచి, ఏ బలాలు పెడితే ఆ ఆకారం వస్తుందో లెక్కలో వెతకడం. క్రోమైట్ల కథ ఇక్కడ చాలా నేర్పుతుంది. 2002లో జింక్ క్రోమైట్‌లో వచ్చిన మసక ఆకారాన్ని చూసి, ఆరేసి స్పిన్‌లు షడ్భుజంగా జట్టు కట్టి ఒక్క ముక్కగా కదులుతున్నాయని లీ బృందం ప్రతిపాదించింది. అందమైన చిత్రం, చాలామందిని ఆకట్టుకుంది. 2010లో కాన్లన్, చాకర్ ఆ ఆకారం రావడానికి జట్లు అక్కర్లేదని, కాస్త దూరపు పొరుగులతో బలహీనమైన బలాలున్నా చాలని చూపించారు. 2019లో మెగ్నీషియం క్రోమైట్ ఒంటి స్ఫటికం మీద కొలిచిన శక్తి వర్ణపటం మొత్తాన్ని అలాంటి బలాలతోనే వివరించగలిగారు. దూరపు బలాలు ముఖ్యమైన బలంలో పదో వంతుకు అటూ ఇటూ ఉన్నాయి. అంత చిన్నవే బొమ్మను మార్చేశాయి.

ఇంకో హెచ్చరిక ఇటర్బియం మెగ్నీషియం గ్యాలియం ఆక్సైడ్‌ది. 2016లో దాని వెడల్పాటి న్యూట్రాన్ వర్ణపటాన్ని చూసి స్పిన్ ద్రవమని చాలామంది సంబరపడ్డారు. అందులో మెగ్నీషియం, గ్యాలియం ఒకే రకం చోట్లలో ఎడాపెడా కూర్చుంటాయి, ఆ గజిబిజి వల్ల కూడా వర్ణపటం వెడల్పవుతుంది. వెడల్పు ఒక్కటే చూసి ద్రవమనడం తొందరపాటే. రుథీనియం క్లోరైడ్‌లోనూ ఇదే తరహా చిక్కు: అవే కొలతలను వేర్వేరు బృందాలు వేర్వేరు బలాల జాబితాలతో వివరించాయి. న్యూట్రాన్ అబద్ధం చెప్పదు. దాని మాటను తర్జుమా చేసే నమూనాలోనే తడబాటు.

మన రాష్ట్రానికి దగ్గరి కథ సీసం, రాగి, టెల్లూరియం కలిసిన ఒక ఆక్సైడ్‌ది, పీబీ సీయూ టీఈ2 ఓ6. ప్రస్తుతం తిరుపతి ఐఐటీ భౌతికశాస్త్ర విభాగంలో ఉన్న బి. కోటేశ్వరరావు ముఖ్య రచయితగా 2014లో దీని అయస్కాంత గుణాల మీద పత్రం వచ్చింది. బలం 22 కెల్విన్ స్థాయిలో ఉన్నా మామూలు అయస్కాంత క్రమం జాడ లేదు, ఉష్ణధారణలో 1 కెల్విన్ దగ్గర ఒక గుబ్బ మాత్రం వచ్చింది. 2016లో ఎన్ఎమ్ఆర్, మ్యుయాన్ పద్ధతులతో పరమ శూన్యానికి డిగ్రీలో యాభయ్యో వంతు దూరం దాకా వెళ్లినా స్పిన్‌లు గడ్డకట్టలేదు. తొలి లెక్కలు రెండో పొరుగుతో బలమే పెద్దదన్నాయి. ఆ దారి వెంట గీస్తే వచ్చేది హైపర్‌కగోమె, అంటే మూడు పరిమాణాల్లోకి తిరిగిన కగోమె.

2020లో శ్రావణి చిల్లాల్ ముఖ్య రచయిత్రిగా, బెర్లిన్‌లోని బెల్లా లేక్ బృందం నుంచి న్యూట్రాన్ ఫలితాలు వచ్చాయి. ఇటు పొడి, అటు ఒంటి స్ఫటికం. సంకేతం ద్రవ్యవేగ పటంలో మచ్చలుగా కాక గోళంలా పరచుకుంది. శక్తిలోనూ గీతలు లేవు, సుమారు 3 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల దాకా వ్యాపించింది. దానికి తోడుగా చేసిన కొత్త లెక్కలు నాలుగు బలాలను మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల్లో ఇచ్చాయి: 1.13, 1.07, 0.59, 0.12. మొదటి రెండూ దాదాపు సమానం. అంటే హైపర్‌కగోమె ఒక్కటే కాదు. ఒక్కో రాగి అయాన్ మూడేసి త్రిభుజాల్లో ఇరుక్కుని ఉంది. ఆ నాలుగు అంకెలతో సిద్ధాంతం గీసిన పటం, న్యూట్రాన్ గీసిన పటం పక్కపక్కన పెడితే కలిశాయి. పరమాణు పటం మీద పెట్టిన మొదటి పేరును బలాల కొలత సరిదిద్దిన సందర్భాల్లో ఇంత స్పష్టమైనది తక్కువ.

ఈ స్ఫటికంలో సీసం తీసి స్ట్రాన్షియం పెడితే కథ పూర్తిగా మారిపోతుంది. అదే ఘనాకార నిర్మాణం, అవే చోట్లలో రాగి. కానీ ఇక్కడ త్రిభుజాల బలాలు అణగిపోయి మూడో పొరుగు బలం సుమారు 50 కెల్విన్‌కు చేరుతుంది. స్పిన్‌లు మూడు అక్షాల వెంటా వరసలు కడతాయి. 5.5, 4.5 కెల్విన్ల దగ్గర క్రమంలోకి కూడా వస్తాయి. అయస్కాంతం కాని అయాన్‌ను మార్చినందుకే మూడు పరిమాణాల స్పిన్ ద్రవం కాస్తా ఒక పరిమాణపు వరస అయింది. పరమాణు పటం మాత్రమే చూసేవాడికి రెండూ ఒకటే.

ఈ రంగంలో మన దగ్గరివాళ్లకు చోటుందా అన్న ప్రశ్నకు ఆ పత్రాలే జవాబు. న్యూట్రాన్ మూలం కట్టడం ఏ విశ్వవిద్యాలయానికీ సాధ్యం కాదు. పుంజం దగ్గరికి వెళ్లే దారులు మాత్రం ఉన్నాయి. ధ్రువ దగ్గరి జాతీయ సౌకర్యాన్ని విశ్వవిద్యాలయాల వాళ్లు యూజీసీ, డీఏఈ సంయుక్త కేంద్రం ద్వారా వాడుకోవచ్చు. బ్రిటన్‌లోని ఐసిస్ న్యూట్రాన్ కేంద్రానికి బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ కేంద్రం ద్వారా భారతీయులకు అవకాశం కల్పించారు. పుంజం సమయం కోరేవాడి చేతిలో ఉండాల్సింది మంచి స్ఫటికం. అది రసాయన నైపుణ్యం, ఓపిక, ఒక కొలిమి ఉంటే మొదలయ్యే పని. గుంటూరులోనో మచిలీపట్నంలోనో మొదలుపెట్టడానికి అడ్డేమీ లేదు.

స్ఫటికం ఎంత ముఖ్యమో సీసపు ఆక్సైడే మళ్లీ చూపించింది. 2021లో టర్న్ బృందం పొడి నమూనాలనూ ఒంటి స్ఫటికాలనూ పోల్చింది. పొడి స్పిన్ ద్రవంలాగే ఉంది. ఒంటి స్ఫటికాలు మాత్రం 1 కెల్విన్ దగ్గర ఫెర్రోఎలక్ట్రిక్ స్థితికి మారి, జాలకం కూడా వంగింది. జాలకం వంగితే కోణాలు మారతాయి, కోణాలు మారితే ఆ నాలుగు బలాలూ కొంత మారాలి. 1.13, 1.07 అన్న దాదాపు సమానత్వం ఆ మార్పుకు కింద కూడా నిలుస్తుందా, ఒకటి జారిపోతుందా? దీన్ని తేల్చాలంటే ఒకే స్ఫటికాన్ని 1 కెల్విన్‌కు పైన ఒకసారి, కింద ఒకసారి న్యూట్రాన్ పుంజంలో పెట్టి, రెండు పటాలకూ విడివిడిగా బలాలు రాబట్టాలి.